జాకెట్టు లోపలి కుట్లు

పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకున్నాక గంటదాకా మంచినీళ్ళు తప్ప మరేదీ నోట్లో పోసుకోకూడదు. డిటెక్టివ్ రాజ్యశ్రీ ఏడేళ్ళుగా ఆ నియమం తప్పలేదు. ఎస్సై తుల్సీరాంకి ఈ సంగతి ఎవరు మోశారో గానీ, ఆ ఉదయం పనిగట్టుకుని అల్లం టీ తెప్పించి, ఆమె ఎదురుగానే కూర్చుని, గ్లాసు ఊదుకుంటూ ఊదుకుంటూ తాగాడు. ఆమెకు ఒళ్ళు మండింది. అయినా మొహం మీద కనబడనివ్వలేదు.

"తాగుండ్రి మేడం, మీకు సుత తెప్పిచ్చిన," అన్నాడు.

"ఇంకో అరగంట ఆగాలె. మీ టీ మీరు తాగుండ్రి, నా పని నేను చూస్కుంట. జంపయ్యతోని మాట్లాడాలె."

"ఏం మాట్లాడుతరు? ఒప్పుకుండు. రేపు పొద్దున కోర్టుల పెడుతున్నం. మీరు ఖమ్మం నుంచి గింత దూరం కిరాయి పెట్టుకుని ఊకెనే వచ్చిండ్రు." తుల్సీరాం బీరువా వైపు గడ్డం చూపించాడు. "ఆ ముసలోడు జంపయ్య ఇచ్చిన మందు పొడి అండ్లనే ఉంది, సీల్ ఏసినం. పద్దెనిమిది కిలోలు తగ్గిచ్చిన పొడి. మీకేమన్న కావాల్నా?"

పక్కనున్న కానిస్టేబుల్ కిసుక్కున నవ్వి తల దించుకున్నాడు. రాజ్యశ్రీ లావుపాటి మనిషి. ఆ సంగతి ఆమెకు ఎవరూ ప్రత్యేకించి గుర్తు చేయనక్కర్లేదు. ఆమెను బాధపెట్టింది ఎస్సై వెటకారం కాదు. నిన్న ఫోనులో డాక్టర్ యశోద ఆసుపత్రిలో ఉన్న ఒక రోగి గురించి "పద్దెనిమిది కిలోలు తగ్గింది" అన్నప్పుడు ఆమె మనసులో మొదట లేచిన ప్రశ్న "బతుకుతుందా?" అని కాదు, "ఎట్లా తగ్గింది?" అని. అది తలుచుకుంటే ఆమెకే సిగ్గుగా ఉంది.

కేసు చూస్తే చిన్నదే. భద్రాచలం అడవి అంచున రేగులగుంపులో మిరపతోటలున్న రైతు గణేష్. అతని భార్య శారదకు థైరాయిడ్ తక్కువ. ఆ జబ్బు వల్ల పెళ్ళయిన రెండో ఏడు నుంచే ఒళ్ళు వచ్చింది. ఈ ఏడాది ఎండాకాలం నుంచి ఉన్నట్టుండి తగ్గడం మొదలుపెట్టింది. ఊరంతా మురిసిపోయింది. మొన్న బతుకమ్మ అయిన వారానికి వాకిట్లో ముగ్గు వేస్తూ వేస్తూ కుప్పకూలింది. భద్రాచలంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. గుండె పరుగు ఆపడం ఎవరి తరమూ కావడం లేదు. నాటుమందు ఇచ్చాడని కోయ వైద్యుడు జంపయ్యను తుల్సీరాం పట్టుకొచ్చి లోపల వేశాడు.

శారదకు మొదటినుంచీ వైద్యం చేస్తున్నది ఖమ్మంలో డాక్టర్ యశోద. రాజ్యశ్రీకి మాత్ర రాసిచ్చేదీ ఆవిడే. "రాజ్యశ్రీ గారూ, ఆ అమ్మాయి రక్తంలో థైరాయిడ్ హార్మోన్ పొంగిపోతోంది," అన్నదావిడ ఫోనులో. "నేను రాసిన మాత్రతో అంత పెరగదు. ఆసుపత్రిలో ఆ మాత్ర కూడా ఆపేశారు. తగ్గాల్సింది ఇవాళ ఇంకా పెరిగింది. అంటే ఇప్పటికీ ఎక్కడినుంచో లోపలికి పోతోంది. అదేమిటో తెలియకుండా నేను వైద్యం చేయలేను. ఇంకో దెబ్బ తగిలితే ఆ గుండె తట్టుకోదు."

అందుకని వచ్చింది రాజ్యశ్రీ. ఒకవైపు ఆసుపత్రిలో ఆడమనిషి ప్రాణం, ఇంకోవైపు లాకప్‌లో ముసలివాడి బతుకు. రెంటికీ ఒకటే తాళంచెవి.

"ఎస్సై గారూ, ఒక్క మాట చెప్పుండ్రి," అంది. "జంపయ్య మీ లాకప్‌ల ఉండు. శారద ఆసుపత్రిల ఉంది. నిన్న ఆమెకు మళ్ళ ఎక్కువైంది. లాకప్‌లున్న మనిషి ఆసుపత్రిలున్న మనిషికి మందు ఎట్ల పెట్టిండు?"

"పాత మందే ఒంట్ల తిరుగుతుండొచ్చు."

"పాతదైతే దినదినం తగ్గాలె. పెరిగింది."

తుల్సీరాం టీ గ్లాసు కింద పెట్టాడు. "డాక్టర్లు నూరు చెప్తరు మేడం. సాయంత్రం దాకా టైమిస్త. అటెనక నా పనికి అడ్డం రావద్దు."

జంపయ్య లాకప్‌లో గోడకు ఆనుకుని, ఒక మోకాలు నిలబెట్టుకుని కూర్చుని ఉన్నాడు. బక్కపలచని మనిషి. భయపడినట్టు లేడు, అలిగినట్టున్నాడు.

"ఏమిచ్చినవ్ పెద్దయ్యా ఆమెకు?"

"చెట్ల మందు. మా అయ్య ఇచ్చేటోడు, నేనిస్తున్న."

"ఇంకెవరికన్న ఇచ్చినవా?"

"ఒళ్ళు ఊరినోళ్ళు ఎవలొచ్చినా ఇస్త. నీలెక్కటోళ్ళకు సుత," అన్నాడు. ఎగతాళి కాదు, నిఖార్సైన వైద్యుడి మాట.

"వాళ్ళంత గిట్లనే సన్నబడ్డరా?"

జంపయ్య గోడమీద బల్లి వైపు చూపు తిప్పాడు. "అందరి ఒళ్ళు ఒక తీరుండదు. ఈమెకు బాగ పట్టింది. నా మందే ఆమెను సన్న జేసింది. అది మాత్రం నిజం."

వెనక నుంచి తుల్సీరాం గొంతు వినిపించింది. "విన్నరా? నేను కొట్టలే, తిట్టలే. అడిగితే గిదే చెప్పిండు."

రాజ్యశ్రీకి ఇప్పుడర్థమైంది ఆ ఒప్పుకోలు కథ. ఆమె ఊచల దగ్గరకు జరిగింది. "పెద్దయ్యా, మందు పన్జేసిందంటే జైలుకు పోతవ్. పన్జెయ్యలేదంటే ఇంటికి పోతవ్. సోంచాయించుకో."

"మా అయ్య చేతి మందు. పన్జెయ్యదని నా నోటితోని ఎట్లంట?"

ఆ మొండితనం చూసి ఆమెకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఊళ్ళో నలుగురి ముందు తలెత్తుకు తిరిగేలా చేసింది ఆ మందు పేరే. దాన్ని వదులుకుని ఇంటికి పోవడం అతనికి చేతకావడం లేదు.

"సరే, అది అనకు. ఆమె మందు నడుమల ఆపిందా? అది చెప్పు."

"ఆపలే. సంత సంతకు వచ్చి తీస్కపోయేది. వానలకు వాగు పొంగి ఆమె రాలేకపోతే, మనిషిని తోలి తెప్పిచ్చుకున్నది. ఒక్క సంత తప్పలే."

ఆ మాట రాజ్యశ్రీ మనసులో వేసుకుంది. బయటికొచ్చి, గంట దాటిందని చూసుకుని, టీ కొట్టుదాకా నడిచి చక్కెర లేని టీ ఒకటి తాగి, రేగులగుంపుకు జీపు మాట్లాడుకుంది.

గణేష్ ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఇంట్లో అతని తల్లి బుల్లెమ్మ ఒక్కతే ఉంది. కృష్ణాజిల్లా వైపు నుంచి భర్తతో కలిసి ఈ నేలకు మిరప వేయడానికి వచ్చి ముప్పై ఏళ్ళయినా ఆవిడ మాట మాత్రం మారలేదు. రాజ్యశ్రీకి కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మా శారదకి ఎవరో దిష్టి పెట్టారమ్మా. తొమ్మిదేళ్ళు లావుగా ఉందని ఏడిపించారు. తీరా తగ్గిందంటే ఓర్వలేకపోయారు. ఆ ముసలాయన మీద నాకు అనుమానం లేదు. కానీ నా మాట ఎవరు వింటారు?"

"మాత్రలు ఎవరిస్తరమ్మా ఆమెకు?"

"నేనే. పొద్దున్నే పొయ్యి అంటించి, మాత్ర చేతిలో పెట్టి, అది మింగిందాకా పక్కనే నిలబడతాను. మతిమరుపు పిల్ల. పండగైనా పబ్బమైనా నాకు ఆ పని తప్పదు."

మాత్రల డబ్బా చూసింది రాజ్యశ్రీ. వాడాల్సినన్నే వాడారు. వంటిల్లు చూసింది. డబ్బాలన్నీ మూతలు తీసి వాసన చూసింది. ఏమీ లేదు. శారద గదిలో అల్మారా తెరిచింది. చీరల కింద జాకెట్లు మడతపెట్టి ఉన్నాయి. ఒకటి తీసి వెనక్కు తిప్పింది.

లావు మనుషులకు జాకెట్టు లోపలి కుట్ల గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. రాజ్యశ్రీ దర్జీ ప్రతిసారీ చంక కింద రెండు వేళ్ళ గుడ్డ ఎక్కువ వదిలి పెడతాడు. ఎప్పుడు విప్పాల్సి వస్తుందో అని. ఎప్పుడూ విప్పడమే, బిగించాల్సిన రోజు ఆమెకు ఇంతవరకూ రాలేదు. శారద జాకెట్లకు లోపల మూడేసి వరసలు కుట్లున్నాయి. ఒక్కో వరసా లోపలికి, ఇంకా లోపలికి జరిగింది. రాజ్యశ్రీ ఆ కుట్ల మీద వేలితో రాస్తూ ఉండిపోయింది. ఆమెకు నిజంగానే కుళ్ళు పుట్టింది.

అన్నిటి కిందా ఎర్ర పట్టు జాకెట్టు ఒకటుంది. దాని సంగతి వేరు. బిగించిన కుట్టు ఒకటి విప్పేసిన గుర్తుగా సూది బెజ్జాలు వరసగా కనిపిస్తున్నాయి. ఆ విప్పిన చోటే మళ్ళీ కొత్త దారంతో బిగించి ఉంది.

"ఏంది మేడం, చీరల మీద మనసైందా?" గుమ్మంలో తుల్సీరాం నిలబడి ఉన్నాడు. సాయంత్రం దాకా ఆగుతానన్న మనిషి మధ్యాహ్నానికే వెంటబడ్డాడు.

ఆమె అతన్ని పట్టించుకోలేదు. "బుల్లెమ్మ గారూ, ఈ పట్టుజాకెట్టు ఎప్పుడెప్పుడు తొడుక్కుంది?"

బుల్లెమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. "ఎండాకాలం మా ఆడపడుచు కూతురి పెళ్ళికి బిగించుకుంది. తరవాత పోలాల అమావాస్యకి. పిల్లలు కలగాలని ఆ పూజ నేనే చేయించానమ్మా. ఆ రోజు ఇది పట్టలేదు, కుట్టు విప్పాల్సొచ్చింది. మొన్న బతుకమ్మకి మళ్ళీ తనే బిగించుకుంది."

"అంటే నడుమల మళ్ళ లావైందా?"

"కాస్త ఒళ్ళు చేసింది. పండగ పిండివంటలకేమో అనుకున్నాం. దడ కూడా తగ్గింది అప్పుడు, హాయిగా నిద్రపోయింది."

పోలాల అమావాస్య అంటే శ్రావణం చివరి రోజు. రాజ్యశ్రీ తుల్సీరాం వైపు తిరిగింది. "ఇన్నరా? శ్రావణంల ఆమె లావైంది, గుండె దడ తగ్గింది. జంపయ్య మందు శ్రావణంల సుత ఆగలే, వాగు పొంగినా తెప్పిచ్చుకున్నది. మందు నడుస్తనే ఉంది, తగ్గుడు మాత్రం ఆగింది. అట్లయితే ఆ మందు తగ్గిచ్చిందని ఎట్లంటరు?"

తుల్సీరాం తల గోక్కున్నాడు. మూర్ఖుడు కాదు అతను, తొందరమనిషి అంతే. "థైరాయిడ్ మాత్ర ఆపిందేమో. మాత్ర ఆపినా లావైతరట గద?"

మంచి ప్రశ్నే. రాజ్యశ్రీ ఒప్పుకుంది. కానీ బుల్లెమ్మ తల అడ్డంగా ఊపింది. "మాత్ర నా చేతిమీదుగానే పోతుంది బాబూ. ఒక్కరోజు ఆగలేదు."

"మరి శ్రావణంల ఈ ఇంట్ల ఆగిందేంది?" అనడిగింది రాజ్యశ్రీ.

"ఏం ఆగుతుందమ్మా..." బుల్లెమ్మ ఆలోచించింది. "నీచు ఆగింది. శ్రావణం నెలంతా మేం మాంసం ముట్టం. శారదకి చారు కూడా మానేశాను, నెల దాటాకే మళ్ళీ పెట్టాను."

"ఏం చారు?"

"గొంతు చారు. తన జబ్బు గొంతులోదే కదమ్మా, డాక్టరమ్మ కూడా గొంతు పట్టుకునే చూస్తుంది. కాలు విరిగితే కాళ్ళ చారు తాగిస్తాం, మరి గొంతు జబ్బుకి గొంతే పెట్టాలి కదా. మటన్ కొట్టు పగిడయ్యకి చెప్పి, మేక గొంతులు తీసి పెట్టించేదాన్ని. ఎవరూ కొనరు వాటిని, కుక్కలకి వేస్తారు. ఎండాకాలం నుంచి పెడుతున్నా. ఎంత గుణం ఇచ్చిందో చూశారుగా."

రాజ్యశ్రీ జాకెట్టు మంచం మీద పెట్టింది. ఇంట్లో ఫోను అందదట, డాబా మీదికి పోవాలట. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి, డాక్టర్ యశోదకు ఫోను కలిపి విషయం చెప్పింది.

"అదే, అనుమానం లేదు," అంది యశోద. "మేక గొంతు గొట్టానికి అటూ ఇటూ చిన్న ముద్దలుంటాయి. అది మేక థైరాయిడ్. ఉడికించినా దాని బలం పోదు. నేనిచ్చే మాత్ర ఆ అమ్మాయికి సరిపడా కొలిచి ఇచ్చింది. దాని మీద ఈ చారు. ఒళ్ళు కరిగిందని సంబరపడ్డారు, కరిగేది కొవ్వొక్కటే కాదు, గుండె కండ కూడా. వెంటనే ఆపించండి."

తుల్సీరాం వెనకాలే మెట్లెక్కి వచ్చాడు, బుల్లెమ్మ కూడా వచ్చింది. విషయం విని ఆ పెద్దావిడ డాబా గోడ పట్టుకుని అక్కడే కూలబడింది. "నేనా? నా చేత్తో నేనే చంపుకున్నానా దాన్ని?"

"ఆసుపత్రికి సుత పంపుతున్నవా ఆ చారు?" గద్దించాడు ఎస్సై.

"లేదు బాబూ. తను పడిపోయిన రోజే మానేశాను, భయమేసింది. పెరుగన్నం, బీరకాయ కూర, అంతే పంపేది. నా కొడుకు మీద ఒట్టు."

ఆవిడ అబద్ధం ఆడుతున్నట్టు లేదు. అయితే నిన్న ఆసుపత్రిలో పెరిగిందేమిటి? రాజ్యశ్రీ డాబా అంతా కలయజూసింది. నీళ్ళ ట్యాంకు వెనక, కింద వాకిట్లోంచి చూస్తే కనపడని చోట, రెండు మేకుల మధ్య ఒక తాడు కట్టి ఉంది. బట్టలారేసే తాడు ఇవతల వేరే ఉంది. ఈ తాడుకు పసుపు మరకలు, అక్కడక్కడా నల్లగా ఎండిపోయిన పీచులు. చీమలు బారు కట్టాయి.

ఆమె వాసన చూసి అర్థం చేసుకోలేకపోయింది. తుల్సీరాం వంగి, పీచు ఒకటి గిల్లి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఒరుగులు మేడం. మాంసం ఎండబెట్టిండ్రు. మా ఇండ్లల్ల చేస్తరు."

"మీరు చేసిండ్రా బుల్లెమ్మ గారూ?"

"మా వైపు ఎండుచేపలే గాని ఇదెక్కడుందమ్మా. నాకు చేయడమే రాదు. ఇంతవరకూ డాబా మీద ఇది ఉన్నట్టే నాకు తెలియదు. నా మోకాళ్ళకి నేను పైకి రాను. బట్టలకి శారద వస్తుంది, ఫోనుకి గణేష్ వస్తాడు."

ఎస్సైకి, డిటెక్టివుకి ఆ రోజు మొదటిసారి మాట కలిసింది. ఇద్దరూ ఒకే మనిషిని తలుచుకున్నారు. ఆసుపత్రిలో రాత్రీ పగలూ శారద పక్కన ఉన్నది మొగుడొక్కడే. ముగ్గురూ జీపెక్కారు.

ఆసుపత్రి వరండాలో గణేష్ బెంచీ మీద కూర్చుని నిద్రతో తూగుతున్నాడు. ఎస్సైని చూసి గభాల్న లేచాడు.

"నీ పెండ్లానికి ఏం తినిపిస్తున్నవ్?" తుల్సీరాం అతని భుజం పట్టుకున్నాడు.

"అమ్మ పంపిందే సారు. పొద్దున క్యాంటీన్ ఇడ్లీలు. అంతే."

"ఇంకా?"

"ఇంకేం లేదు. ఇడ్లీలోకి ఒట్టిది సయించట్లేదు, కారప్పొడి తెచ్చిపెట్టమంది. అల్మారాలో పుట్టింటి పెట్టెలో డబ్బా ఉంటుంది, తెమ్మంది. మొన్న తెచ్చిచ్చాను. ఏం, కారం కూడా తినకూడదా?"

తుల్సీరాం అతని భుజం వదిలేశాడు. రాజ్యశ్రీ ఇంకేమీ అడగలేదు. "మీరిక్కడ ఉండుండ్రి, నేను పోయొస్త," అని ఒక్కతే లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

శారద మేలుకునే ఉంది. పుట్టిల్లు ఖమ్మం దగ్గర తిరుమలాయపాలెం. చామనచాయ, పెద్ద కళ్ళు, సన్నని మెడ. చక్కగా ఉంది, అది దాచాల్సిన పని లేదు. దుప్పటి మీద చేతులు మాత్రం ఆగకుండా వణుకుతున్నాయి.

"నేను రాజ్యశ్రీని. డాక్టర్ యశోద పంపింది."

"తెలుసు మేడం. నర్సమ్మ... కాదు, డాక్టరమ్మ ఫోన్ల చెప్పింది, మీకు సుత ఇదే మాత్రనని." మాట తడబడింది, ఊపిరి అందడం లేదు.

"కారప్పొడి డబ్బా ఏది శారదా?"

శారద ఆమె మొహంలోకి చూసింది. తప్పించుకోవాలని చూడలేదు. మంచం పక్క గూట్లో బట్టల వెనక నుంచి స్టీలు డబ్బా తీసి ఇచ్చింది. రాజ్యశ్రీ మూత తీసింది. మిరపకారం, వెల్లుల్లి, వాటి అడుగున డాబా మీది వాసన.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మీకు ఇయ్యాల తెలిసింది, నాకు పోలాల అమాసకే తెలిసింది. చారు ఆగింది, నాలుగు కిలోలు మళ్ళొచ్చినయ్. జాకెట్టు పట్టలే. పూజల కూసుని ఏడ్చిన. అత్తమ్మ పిల్లల కోసం ఏడుస్తున్ననుకున్నది." ఆమె గోడవైపు చూసింది. "అత్తమ్మ తెప్పిచ్చిన గొంతులల్ల కొన్ని దాపెట్టి, మా అమ్మగారింట్ల లెక్క ఒరుగులు పెట్టి దంచుకున్న. చారైతే అత్తమ్మ పెట్టినప్పుడే ఉంటది. పొడైతే నా దగ్గరుంటది."

"దడ పుడుతుంటే భయం కాలేదా?"

"అయింది. చారు మీద పొడి. పడిపోయిన్నాడే అర్థమైంది నాకు." ఆమె కాసేపు ఊపిరి తీసుకుంది. "పెండ్లిళ్ళల్ల ఫోటోలు దిగేటప్పుడు నన్ను వెనక నిలబెట్టేటోళ్ళు మేడం. తొమ్మిదేండ్లు ఒక్క ఫోటోల నా మొహం తప్ప ఒళ్ళు లేదు. మొన్న బతుకమ్మకు నన్ను ముంగట నిలబెట్టిండ్రు. మా ఆయన బండి మీద ఎక్కిచ్చుకోని ఊరంత తిప్పిండు. ఈ మంచంల పండుకోని సుత, మళ్ళ ఊరుతదేమో ఒళ్ళు అన్నదే నా భయం. మీకు తెల్వదా? మీకు సుత ఇదే జబ్బు గద. మాత్ర ఏసుకున్నా తగ్గరు, తినకున్నా తగ్గరు. ఒక చెంచా చాలు మేడం."

ఆ డబ్బా రాజ్యశ్రీ చేతిలోనే ఉంది. ఆమెకు ఆశ పుట్టలేదని చెప్తే అది అబద్ధం. ఏడేళ్ళుగా తెల్లవారుజామున నడక, రాత్రి అన్నం మానేయడం, ఏడాదికి రెండు కిలోలు తగ్గితే అదే గొప్ప అనుకోవడం. ఇక్కడ ఒక్క చెంచా. కాసేపు ఆ పొడిని అలాగే చూసింది. తరవాత మూత బిగించింది.

"నాకూ తగ్గాలనే ఉంది తల్లీ. కాని నీ చేతులు చూడు. గ్లాసు పట్టలేకపోతున్నవ్. అది కాదు గాని, జంపయ్య సంగతేంది? ఆయన మందు కాదని నీకు తెలుసు."

"జంపయ్య మందు తిన్నవా అని అడిగిండ్రు. తిన్ననన్న. అది అబద్ధం కాదు గద."

"రేపు పొద్దున ఆయనను కోర్టుకు తీస్కపోతరు. నువ్వు ఎస్సైకి నిజం చెప్పాలె."

"చెప్పను." శారద గోడవైపు తిరిగి పడుకుంది. "కుక్కలకేసే గొంతులు దంచుకుతిని సన్నబడ్డదని ఊరంత నవ్వుతరు. మా ఆయన నవ్వుతడు. నన్ను చంపినా చెప్పను."

తలుపు కిర్రుమంది. బుల్లెమ్మ లోపలికి వచ్చింది, వెనకే తుల్సీరాం. ఎంతసేపటి నుంచి తలుపవతల నిలబడిందో, ఎంత విందో తెలియదు. ఆవిడ కోడలి వైపు చూడలేదు. ఎస్సై వైపు తిరిగి, "రాసుకోండి బాబూ. ఆ పొడి నేనే చేశాను," అంది.

తుల్సీరాం రాజ్యశ్రీని చూశాడు. అతను కుర్చీ లాక్కుని, జేబులోంచి కాగితం తీశాడు. "డాబా మీద నీకు రాదంటివి గదమ్మా?"

"భయపడి అన్నాను. నేనే చేశాను. ఆ ముసలాయన్ని వదిలేయండి. ఈ పిల్లకేమీ తెలియదు, కారప్పొడి అనుకుని తింది. ఏ శిక్ష వేస్తారో నాకు వేయండి." ఆవిడ గొంతు స్థిరంగానే ఉంది.

"ఎట్ల జేసినవ్? చెప్పు."

"గొంతులు తెచ్చాను. కడిగాను. మెత్తగా ఉడకబెట్టి... ఆ నీళ్ళు ఇగిరిందాకా పొయ్యిమీదే ఉంచి, తరవాత రోట్లో వేసి రుబ్బాను."

తుల్సీరాం కలం ఆగింది. ఒరుగులు ఎలా చేస్తారో అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. అయినా రాశాడు. ఒప్పుకోలు ఒప్పుకోలే, సంతకం ఉంటే కోర్టుకు చాలు. రాజ్యశ్రీ ఒక్క మాటతో ఆపించగలదు. ఆపలేదు. ఆమె చూపంతా గోడవైపు తిరిగి పడుకున్న ఆ సన్నని వీపు మీదే ఉంది. ఆపాల్సింది తను కాదు.

"ఉప్పు ఏసినవా?"

"వేయలేదు. డాక్టరు ఉప్పు తగ్గించమంది కదా."

"ఎన్నాళ్ళు నిల్వ ఉన్నది మరి?"

"ఉంది బాబూ. నాకు తెలియదు, ఉంది. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి." బుల్లెమ్మ ముందుకొచ్చి చేయి చాపింది. ఆ చేతి గోళ్ళలో వేసవినుంచీ చారు కాచిన పొయ్యి మసి ఇంకా ఉంది. తుల్సీరాం కాగితం ఆవిడ వైపు తిప్పాడు.

"ఉడకబెట్టరు అత్తమ్మా."

గోడవైపు నుంచి వచ్చింది ఆ మాట.

"ఉడకబెడితే ఎండది, బూజు పడుతది. పచ్చి దానికే ఉప్పు, పసుపు పట్టియ్యాలె. సన్నగ కోసి తాడు మీదెయ్యాలె. ఎండినంక నూనె లేకుంట ఏంచి, మిరపకాయలతోని దంచాలె." శారద ఇటు తిరిగింది. కళ్ళు తుడుచుకోవాలని చేయెత్తింది, వణుకుతో ఆ చేయి మొహందాకా పోలేదు. బుల్లెమ్మే కొంగుతో తుడిచింది. "నీకు ఒరుగులు పెట్టుడు ఎక్కడొచ్చు అత్తమ్మా. నేనే పెట్టిన. సారుకు నేను చెప్త. మెత్త కింద ఇంకో పొట్లం ఉంది, తియ్యుండ్రి మేడం."

రాజ్యశ్రీ దిండు ఎత్తి పొట్లం తీసుకుంది. తుల్సీరాం రాసిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకుని, కొత్త కాగితం తీసి, కుర్చీని శారద మంచం దగ్గరకు జరుపుకున్నాడు.